ఆవుల సంఖ్య పెరిగితే జాతి బతికినట్టేనా?

హైదరాబాద్‌లో కొన్నేళ్ళుగా దేశీ ఆవు మీద మోజు బాగా పెరిగింది, మంచిదే. ఏ2 పాలు (ఏ2 అనే రకం ప్రోటీన్ ఉన్న పాలు) అంటూ గాజు సీసాలు పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చేస్తున్నాయి, చేవెళ్ళ, శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు ఫామ్‌హౌస్ ఉన్నవాళ్ళు ముచ్చటపడి రెండు ఆవులైనా కట్టేసుకుంటున్నారు, ఇక పుంగనూరు దూడ హాల్లో టైల్స్ మీద తిరిగే రీల్స్ ఎక్కడ చూసినా అవే. ఇదంతా చూసి చాలామంది పర్లేదు, మన ఆవులు గండం గట్టెక్కాయి అనుకుంటున్నారు. కానీ ఆ డెయిరీల కొట్టాల్లోకి వెళ్ళి చూస్తే ఎక్కువగా కనిపించేవి గిర్, సాహివాల్. గిర్ సొంతూరు గుజరాత్‌లోని సౌరాష్ట్ర, సాహివాల్‌ది పంజాబ్. రెండూ మంచి పాడి జాతులే, వాటిని తప్పుపట్టే పనే లేదు, కాకపోతే నగరానికి నూట యాభై కిలోమీటర్ల దూరంలో నల్లమల అంచున మేసే పొడ తూర్పు అనే మన స్థానిక జాతి ఆవుకి ఈ మోజు వల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు.

తెలుగు నేల మీద ప్రభుత్వ రికార్డుల్లో జాతిగా నమోదైన పశువులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఒంగోలు, పుంగనూరు అందరికీ తెలిసినవే. లాతూరు, బీదర్ నుంచి జహీరాబాద్, నారాయణఖేడ్ దాకా ఉన్న దేవని ఉంది, ఒడిశా మల్కన్‌గిరి సరిహద్దు మన్యంలో పొట్టిగా ఉండే మోటు ఉంది. పొడ తూర్పు అయితే 2020లో మాత్రమే కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరోలో నమోదైంది, తెలంగాణ నుంచి జాతిగా గుర్తింపు తెచ్చుకున్న మొదటి పశువు అదే. అమ్రాబాద్ పెంపకందార్ల సంఘం, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే వాసన్ సంస్థ వెంటపడి తిరిగితే వచ్చిన గుర్తింపు అది. అంతకుముందు వందల ఏళ్ళుగా ఉన్నా కాగితాల్లో మాత్రం దాని పేరు ఏ జాతీ కాని నాటు పశువు, అంతే.

ఈ నమోదు ఏదో సర్టిఫికెట్ గోల అనిపిస్తుంది గానీ దీని మీద చాలా ఆధారపడి ఉంది. జాతిగా గుర్తింపు ఉన్న పశువుని అదే జాతి ఆబోతుతో కట్టించాలనేది మన బ్రీడింగ్ పాలసీ, గుర్తింపు లేని నాటు ఆవైతే జెర్సీ, హోల్‌స్టీన్ లాంటి విదేశీ జాతులతో సంకరం చేయొచ్చు, లేదా గిర్, సాహివాల్ ఆబోతు వీర్యం సూదితో వేసి అప్‌గ్రేడ్ చేయొచ్చు. అంటే కాగితం మీద పేరు లేకపోతే ఆ పశువుని ఇంకొకటిగా మార్చేయడమే ప్రభుత్వ పథకం అయిపోతుంది. దేశంలో ఇప్పటిదాకా నమోదైన పశు జాతులు యాభై పైచిలుకు, కానీ దేశీ పశువుల్లో ఎక్కువ శాతం ఇప్పటికీ ఏ జాతీ కాని ఖాతాలోనే ఉన్నాయి. వాటిల్లో ఇంకెన్ని పొడ తూర్పులు పేరు లేకుండా కరిగిపోతున్నాయో.

దేశీ ఆవు అనేది ఒకటే జాతి అన్నట్టు మాట్లాడటం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది. మూపురం ఉన్న పశువుని మనిషి మచ్చిక చేసుకున్నది సుమారు ఎనిమిది వేల ఏళ్ళ కింద, ఇప్పటి బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ ప్రాంతంలో అని పురావస్తు ఆధారాలు చెప్తున్నాయి. అక్కడి నుంచి మందలు దక్కన్ దాకా వచ్చి వేల ఏళ్ళు గడిచాయి, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్విన బూడిద గుట్టలో కొత్తరాతియుగం నాటి పశువుల దొడ్డి, గిట్టల అచ్చులతో సహా బయటపడింది. అంటే ఈ నేలలో నాలుగు వేల ఏళ్ళకి పైగా పశువులు పుడుతూ, చస్తూ, కరువులు దాటుతూ వస్తున్నాయి. ప్రతి కరువూ కొన్నిటిని తీసేసింది, ప్రతి రోగం కొన్నిటిని ఏరేసింది, రైతు తన పనికి పనికొచ్చే దాన్ని ఉంచుకుని మిగతావి అమ్మేశాడు. ఆ ఏరివేత ఒక్కో చోట ఒక్కోలా జరిగింది కాబట్టే ప్రకాశం, గుంటూరు నల్లరేగడిలో బరువు లాగే భారీ ఒంగోలు తయారైంది, చిత్తూరు జిల్లా ఎండు గట్ల మీద కొద్దిపాటి గడ్డితో సరిపెట్టుకునే పొట్టి పుంగనూరు తయారైంది, నల్లమల రాళ్ళ గుట్టలు ఎక్కి దిగే గట్టి గిట్టల పొడ తూర్పు తయారైంది. జన్యు వైవిధ్యం అనే పెద్ద మాటకి నేల మీద అర్థం ఇదే. వేడిని తట్టుకోవడం, పిడుదుల్ని తట్టుకోవడం, తక్కువ మేతతో ఈడ్చుకురావడం, వీటి వెనకున్న జన్యువులు తలా కొంచెం ఒక్కో జాతిలో దాగున్నాయి. పిడుదుల వల్ల వచ్చి సంకర పశువుల్ని వణికించే థైలేరియా జ్వరం ఉంది కదా, దాన్ని సాహివాల్ దూడలు హోల్‌స్టీన్ దూడల కంటే బాగా తట్టుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. పొడ తూర్పులో ఏం దాగుందో ఇంకా ఎవరూ పూర్తిగా వెతికి చూడనేలేదు.

ఇప్పుడు లెక్కలకొద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు అన్నీ కలిపి 19 కోట్ల పైన ఉన్నాయి. 2012తో పోలిస్తే విదేశీ, సంకర పశువులు దాదాపు 27 శాతం పెరిగితే దేశీ పశువులు 6 శాతం తగ్గాయి. తగ్గినా ఇంకా 14 కోట్లు ఉన్నాయి కదా, ఇంకేం భయం అనిపిస్తుంది. కానీ ఒక జాతి ఎంత భద్రంగా ఉందో తెలియాలంటే తలలు లెక్కపెడితే చాలదు, వచ్చే తరానికి తల్లిదండ్రులు అవుతున్నవి ఎన్ని, అవి ఒకదానికొకటి ఎంత దూరపు చుట్టాలు అనేది చూడాలి. దీన్ని ఎఫెక్టివ్ పాపులేషన్ అంటారు, లెక్క పెద్ద కష్టం కాదు. ఈతకొచ్చే ఆవుల సంఖ్యని ఆబోతుల సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, రెండు సంఖ్యల మొత్తంతో భాగించాలి.

వెయ్యి ఆవులున్న ఒక జాతిని తీసుకుందాం, వాటన్నిటికీ కలిపి ఆబోతులు ఐదే ఉన్నాయనుకుందాం. ఐదు వేలని నాలుగింతలు చేస్తే ఇరవై వేలు, దాన్ని 1005తో భాగిస్తే ఇరవై కూడా రాదు. అంటే కళ్ళ ముందు వెయ్యి ఆవులు కనిపిస్తున్నా జన్యువుల లెక్కలో అది ఇరవై పశువుల మందతో సమానం. అదే వెయ్యి ఆవులకి పాతిక ఆబోతులు ఉంటే ఈ సంఖ్య 97కి, యాభై ఆబోతులు ఉంటే 190కి పెరుగుతుంది. ఆవులు ఒక్కటి కూడా పెరగలేదు, పెరిగింది ఆబోతులే. ఇది తిప్పి చూస్తే ఇంకా బాధగా ఉంటుంది, ఐదు ఆబోతులే ఉంచుకుని ఆవుల్ని వెయ్యి నుంచి పది వేలకి పెంచినా ఆ సంఖ్య ఇరవై దగ్గరే ఆగిపోతుంది. పేపర్లో పదింతలు పెరిగిన దేశీ ఆవులు అని హెడ్డింగ్ వస్తుంది, లోపల జాతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ సంఖ్య యాభై కంటే కిందికి పోతే ప్రతి తరానికీ దగ్గర చుట్టరికం ఒక శాతం కంటే ఎక్కువ పెరుగుతూ పోతుంది, అది మంచిది కాదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎప్పట్నుంచో చెప్తోంది. మేనరికాలు తరం తర్వాత తరం అదే ఇంట్లో జరుగుతూ పోతే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు, పశువుల్లోనూ అంతే, ఎద నిలవకపోవడం, దూడలు చచ్చి పుట్టడం, బక్కపలచగా ఉండటం మెల్లగా మొదలవుతాయి.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, ప్రపంచంలో అత్యధికంగా పాలిచ్చే జాతికే జరిగింది. అమెరికాలో హోల్‌స్టీన్ ఆవులు దాదాపు తొంభై లక్షలున్నాయి, కానీ వాటి ఎఫెక్టివ్ సంఖ్య వందలోపే అని అంచనా. ఉత్తర అమెరికాలో కృత్రిమ గర్భధారణకి వాడే హోల్‌స్టీన్ ఆబోతుల తండ్రి వరస పట్టుకుని వెనక్కి పోతే దాదాపు అన్నీ 1880ల నాటి రెండు ఆబోతుల దగ్గరికే చేరతాయి. 1962లో పుట్టిన చీఫ్ అనే ఆబోతు కథ ఇంకా పెద్దది. దాని కూతుళ్ళే 16 వేలు, పాల దిగుబడి విషయంలో అది నిజంగా వరమే. కానీ దానిలో ఏపీఏఎఫ్1 అనే జన్యువులో ఒక లోపం ఉంది, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు కాపీలూ లోపంవే వస్తే పిండం కడుపులోనే పోతుంది. ఆబోతుకి ఒక్క కాపీయే కాబట్టి పైకి ఏమీ కనపడలేదు, దాని మనవరాళ్ళని దాని మనవళ్ళతోనే కట్టించడం మొదలయ్యాక గర్భాలు పోవడం మొదలైంది. కారణం దొరికేసరికి దశాబ్దాలు గడిచాయి, ప్రపంచవ్యాప్తంగా ఐదు లక్షల పైనే గర్భాలు పోయి ఉంటాయని లెక్కగట్టారు. అంత డబ్బు, అన్ని రికార్డులు, అన్ని ల్యాబులు ఉన్నచోటే ఇలా జరిగిందంటే, ఏ ఆవుకి ఏ ఆబోతు కట్టిందో రాసుకునే అలవాటే లేని చోట ఏం జరుగుతోందో తెలుసుకునే దారే లేదు.

మరి పాతకాలంలో ఆబోతుల సంగతి ఎవరు చూసుకునేవాళ్ళు? ఊరే చూసుకునేది. పెద్దవాళ్ళు పోయినప్పుడో మొక్కు ఉన్నప్పుడో మంచి కోడెదూడని ఎంచి, ముద్ర వేసి, దేవుడి పేరు మీద వదిలేసేవాళ్ళు. అచ్చోసిన ఆంబోతు అని ఇవాళ తిట్టుగా వాడుతున్నాం గానీ ఒంగోలు జాతి ఆ స్థాయికి రావడంలో ఆ ఆంబోతుదే పెద్ద చెయ్యి. అది ఎవరి చేలో పడ్డా కొట్టేవాళ్ళు కాదు, ఊళ్ళో ఆవులన్నిటికీ అదే, నాసిరకం దూడని వదిలితే ఊరు ఊరుకునేది కాదు. ఊరికొకటి చొప్పున లెక్కేసినా జిల్లాలో వందల ఆబోతులు, వేరే వేరే కుటుంబాల నుంచి వచ్చినవి. ఎవరూ సూత్రం పెట్టి లెక్కేయలేదు గానీ ఆ ఏర్పాటులోనే వైవిధ్యం దానంతటదే నిలబడింది.

ఆ స్థానంలోకి సూది వచ్చింది. కృత్రిమ గర్భధారణ చెడ్డదని ఎవరూ అనరు, గోపాలమిత్ర అనే ఊరి పశు కార్యకర్త ఇంటికే వచ్చి ఎదకొచ్చిన ఆవుకి స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) వేసి పోతాడు, రైతుకి ఆబోతుని మేపే ఖర్చు లేదు, ఒకదాన్నించి ఇంకోదానికి అంటుకునే రోగాల బెడద లేదు. కానీ ఒక్క ఆబోతు నుంచి ఏడాదికి వేల డోసులు తీయొచ్చు కాబట్టి వందల ఆబోతులు చేసే పని నాలుగైదుతో అయిపోతుంది. పైగా ఊళ్ళో పెట్టెలో ఉన్న స్ట్రాలు జెర్సీవో, హోల్‌స్టీన్‌వో, ఈమధ్య గిర్‌వో అయి ఉంటాయి, దేవని ఆవు ఎదకొస్తే దేవని స్ట్రా దొరకడం అదృష్టం కింద లెక్క. ఇప్పుడు కొత్తగా ఆడదూడలే పుట్టే సెక్స్‌డ్ సెమెన్ వచ్చింది, తొంభై శాతం దాకా పెయ్యలే పుడతాయి. పాడి రైతుకి అది పెద్ద ఊరట, కోడెదూడ పుడితే ఏం చేసుకోవాలో తెలియని రోజులివి. కానీ అంతరించే దశలో ఉన్న చిన్న జాతికి అదే పద్ధతి గుడ్డిగా వాడితే ఆవులు గబగబా పెరుగుతాయి, వచ్చే తరానికి ఏరుకోవడానికి కోడెలు మాత్రం మిగలవు. పైన చెప్పిన లెక్కలో సరిగ్గా తగ్గకూడని సంఖ్యే తగ్గుతుంది.

కోడెకి విలువ ఎందుకు పోయిందనేది ఇంకో పెద్ద ప్రశ్న, జవాబు ట్రాక్టర్. ఒంగోలు, దేవని, పొడ తూర్పు ఇవన్నీ మొదటి నుంచీ సేద్యం పశువులు, వాటి గొప్పతనం ఎద్దులో ఉంది. ఆవుని పాలకంటే ముందు మంచి ఎద్దుల జత కోసం పెంచేవాళ్ళు. దున్నకం, బండి, మోట అన్నీ పోయాక ఆ ఆవుని లీటర్లతో కొలవడం మొదలైంది, లీటర్ల పోటీలో జెర్సీ ముందు అవి నిలబడలేవు. ఆంధ్రలో ఒంగోలు గిత్తలు ఈమాత్రమైనా నిలబడ్డాయంటే సంక్రాంతికీ తిరునాళ్ళకీ జరిగే బండలాగుడు పోటీలు కూడా ఒక కారణం, అక్కడ మంచి జతకి ఇప్పటికీ పేరుంది, రేటుంది. కానీ ఆ పేరు కొన్ని గొప్ప గిత్తల చుట్టూనే తిరుగుతుంది, అందరూ అదే గిత్త సంతానం కావాలంటారు. హైదరాబాద్‌లో దున్నల పండగ సదర్‌కి హర్యానా నుంచి తెచ్చిన ముర్రా దున్నని చూడటానికి నారాయణగూడ అంతా ఎగబడుతుంది కదా, ఆ ఆరాధన చూడముచ్చటగానే ఉంటుంది, కాకపోతే ఒక్క స్టార్ మీద అందరూ పడటం అనేది పండగకి బాగుంటుంది గానీ జాతికి మంచిది కాదు.

నల్లమల అంచు పరిస్థితి ఇంకా వేరు. పొడ తూర్పు ఆవు ఒంటి మీద తెలుపులో ఎర్రటి పొడలు, లేదా ఎరుపులో తెల్లటి పొడలు, చిన్న మచ్చలు కొన్నిటికి, పెద్ద పెద్ద పట్టీలు కొన్నిటికి, ఏ రెండూ ఒకేలా ఉండవు, కాపరి వంద ఆవుల్లో తన ఆవుని దూరం నుంచే పొడలు చూసి చెప్పేస్తాడు. ఎక్కువగా లంబాడీలు, ఇంకొన్ని కులాల వాళ్ళు మందలు మందలుగా పెంచుతారు. వాళ్ళు పాలు పిండి అమ్మడం తక్కువ, పాలన్నీ దాదాపు దూడకే. ఆదాయం కోడెల మీద, ఇంకా పేడ మీద. వేసవిలో రైతులు తమ చేలల్లో మంద ఆపించుకుంటారు, రాత్రంతా పశువులు చేలో పడుకుంటే ఆ పేడా మూత్రమే ఎరువు, దానికి కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తారు. కోడెలు కురుమూర్తి జాతర లాంటి సంతలకి పోతాయి, పాలమూరు ఎర్రనేలల్లో, రాళ్ళ చేలల్లో వాటికి మించిన ఎద్దు లేదని కొనేవాళ్ళ నమ్మకం. ఇప్పుడు రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతోంది. ట్రాక్టర్ వల్ల కోడెలకి గిరాకీ తగ్గింది, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయ్యాక అడవిలో మేతకి ఆంక్షలు పెరిగాయి. పులి కూడా ముఖ్యమే, అందులో రెండో మాట లేదు. కానీ అడవి మేత మీదే తయారైన పశువుని అడవి నుంచి పూర్తిగా వేరుచేసి కొట్టంలో కట్టేస్తే కొన్ని తరాలకి మిగిలేది పొడలున్న ఇంకో ఆవు, పొడ తూర్పు కాదు. ఏ ఏరివేత వల్ల దానికి ఆ గుణాలు వచ్చాయో ఆ ఏరివేతే అక్కడ ఉండదు కదా.

పుంగనూరు సంగతి దీనికి పూర్తిగా ఉల్టా, అక్కడ ప్రేమే ఎక్కువైంది. జాతుల వారీ లెక్కల్లో 2013లో మూడు వేలలోపు ఉన్న పుంగనూరు, 2019 గణన నాటికి పదమూడు వేలు దాటింది. 2020లో ఆంధ్ర ప్రభుత్వం మిషన్ పుంగనూరు పెట్టింది, 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకి మేత తినిపించిన ఫోటోలు దేశమంతా తిరిగాయి, అప్పట్నుంచి గిరాకీ ఇంకా పెరిగింది. సంతోషించాల్సిందే, కానీ కాస్త ఆగి లెక్క చూడాలి. నాటు పెయ్య మొదటి ఈతకి రావడానికే నాలుగేళ్ళ దాకా పడుతుంది, ఆ తర్వాత ఈతకీ ఈతకీ మధ్య ఏడాది పైనే, పుట్టిన దూడల్లో సగం మగవే. ఉన్న ప్రతి ఆవూ ఈనుతూ పోయి, ఒక్క దూడా చావకపోయినా, ఆరేళ్ళలో ఒక మంద నాలుగున్నర రెట్లు అవడం చాలా కష్టం. కాబట్టి ఆ పెరుగుదలలో కొంత ముందు లెక్కలోకి రానివి ఇప్పుడు రావడం, ఇంకొంత పొట్టిగా ఉన్న ప్రతి నాటు ఆవుకీ పుంగనూరు పేరు పెట్టేయడం అయి ఉండొచ్చు. పైగా ఇప్పుడు మార్కెట్లో మైక్రో, మినీ అంటూ ఎంత పొట్టిదైతే అంత రేటు. రెండడుగుల ఆవు కోసం పొట్టి తండ్రిని పొట్టి కూతురితోనే కట్టించే తొందర పుడుతుంది, పెరిగిన ప్రతి దూడా జాతికి బలం కాకుండా భారం అయ్యేది ఇలాగే. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో దశాబ్దాలుగా కాపాడుకొస్తున్న మందకీ, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఒంటరిగా ఉన్న ఒక్క ఆవుకీ తేడా ఇక్కడే ఉంది, టెర్రస్ మీది ఆవు ఎంత గారాబంగా పెరిగినా దాని జన్యువులు తర్వాతి తరానికి చేరకపోతే జాతి లెక్కలో అది లేనట్టే.

ఒంగోలు గురించి మాట్లాడితే ఎవరో ఒకరు బ్రెజిల్ పేరెత్తుతారు. అక్కడ నెలోర్ అని పిలిచే పశువు మన ఒంగోలే, పందొమ్మిదో శతాబ్దం నుంచి విడతలు విడతలుగా వెళ్ళింది, 1960ల మొదట్లో వెళ్ళిన ఆబోతుల్లో ఒంగోలు దగ్గరి ఊరి పేరే పెట్టుకున్న కరవది అక్కడ చరిత్ర సృష్టించింది. ఇవాళ బ్రెజిల్‌లో ఇరవై కోట్లకి పైగా పశువులుంటే ఎక్కువ శాతం ఈ రక్తమే, వియాటినా-19 అనే నెలోర్ ఆవులో వాటా 2023లో వేలం వేస్తే ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇది విని ఛాతీ ఉప్పొంగడం సహజం. అయితే వాళ్ళు దాన్ని మాంసం పశువుగా అరవై ఏళ్ళు ఏరుతూ వచ్చారు, లాగుడు కోసం కాదు, పాల కోసం కాదు, పైగా ఆ కోట్ల మంద వెనకున్న ముఖ్యమైన ఆబోతులు కొద్దిగానే. మనదాంట్లో పోయిన గుణం అక్కడ భద్రంగా ఉంటుందనే భరోసా లేదు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది, ఏ దూడ ఏ ఆబోతుకి పుట్టిందో రాసుకోవడం. మన దగ్గర చెవికి పన్నెండంకెల పసుపు ట్యాగు వేస్తున్నారు, దానికి తండ్రి పేరు కూడా నిజాయితీగా చేరితే సగం పని అయిపోతుంది.

రాతలు లేని చోట రక్తాన్నే చదివే సాధనం హైదరాబాద్‌లోనే తయారైంది. గచ్చిబౌలి దాటాక గౌలిదొడ్డి పక్కనున్న జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021 ఆగస్టులో ఇండిగౌ అనే చిప్‌ని విడుదల చేసింది, మన దేశపు మొదటి పశు జన్యు చిప్ అని దాన్ని ప్రకటించారు. అంతకుముందు వాడిన 7,77,000 గుర్తుల (డీఎన్ఏలో పశువుకీ పశువుకీ తేడా ఉండే చోట్ల) విదేశీ చిప్ కంటే దీనిలో 11,496 గుర్తులు ఎక్కువ. సంఖ్య కంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. విదేశీ చిప్‌లోని గుర్తులు ఎక్కువగా మూపురం లేని యూరప్ పశువుల్లో తేడాలు చూసి ఎంచినవి, వాటితో మన పశువుని చూస్తే చాలా చోట్ల అన్నీ ఒకేలా కనిపిస్తాయి, నిజంగా ఉన్న తేడాలు దొరకవు. దీని పని తీరు కూడా సులువే, ఆవు నుంచి కాస్త రక్తం తీసి, దాన్నించి డీఎన్ఏ వేరుచేసి, చిప్ మీద పోస్తారు, ప్రతి గుర్తు దగ్గరా ఏ అక్షరం ఉందో మెషిన్ చదివేస్తుంది. దాంతో ఈ పొట్టి ఆవు నిజంగా పుంగనూరా, ఎన్ని వంతులు ఇంకోటి కలిసింది, ఈ రెండు ఆబోతులు అన్నదమ్ములా కాదా అనేది చెప్పేయొచ్చు. లక్షలు పోసి మినీ ఆవుని కొనేవాళ్ళు అడగాల్సింది ఈ టెస్టే, యూట్యూబ్ వీడియో కాదు. అయితే చిప్ చెప్పేది రోగం ఏంటనేది మాత్రమే, మందు ఊళ్ళో ఉండాలి.

ఫ్రీజర్లో దాచేస్తే సరిపోదా అంటే, దాచాలి, తప్పకుండా దాచాలి. -196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో స్ట్రాలు దశాబ్దాలు ఉంటాయి, ఒక జాతి నుంచి చుట్టరికం లేని ఆబోతులు కనీసం పాతిక నుంచైనా తీసి పెట్టాలని అంతర్జాతీయంగా చెప్పే లెక్క. కానీ వీర్యంలో ఉండేది తండ్రి వైపు సగమే, తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ దాంట్లో దొరకదు, దానికి పిండాల్ని కూడా దాచాలి. ఆవులన్నీ పోయి స్ట్రాలే మిగిలితే వేరే జాతి ఆవుతో మొదలుపెట్టాలి, మొదటి తరంలో సగం, రెండో తరంలో ముప్పావు, అలా ఐదో తరానికి 97 శాతం దగ్గరికి వస్తాం, అంటే ఇరవై ఏళ్ళు. న్యూజిలాండ్ కింద ఎండర్బీ దీవిలో 1990ల మొదట్లో పశువుల్ని కాల్చి తీసేశాక ఒక్కటే ఆవు మిగిలింది, దాన్ని 1998లో క్లోన్ చేయాల్సి వచ్చింది. అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు, మన దగ్గర ఇంకా మందలున్నాయి.

మందలున్నప్పుడే పట్టుకుంటే ఫలితం ఉంటుందనడానికి కేరళలోని వెచ్చూరు ఆవే సాక్ష్యం. 1961 చట్టంతో అక్కడ లైసెన్సు లేని నాటు ఆబోతుల్ని కాస్ట్రేషన్ చేయించడం మొదలుపెట్టారు, ఇరవై ముప్పై ఏళ్ళకి వెచ్చూరు కనిపించకుండా పోయింది. 1989లో మన్నుత్తి పశువైద్య కళాశాలలో ప్రొఫెసర్ శోశమ్మ ఐప్, ఆవిడ స్టూడెంట్లు ఊరూరూ వెతికి కొద్దిపాటి పశువుల్ని పట్టుకొచ్చి మందని మళ్ళీ నిలబెట్టారు, ఆవిడకి 2022లో పద్మశ్రీ వచ్చింది. జాతి ముందు పోయింది కూడా ఆబోతులు పోవడం వల్లే, తర్వాత దొరికింది కూడా ఎక్కడో మారుమూల ఒక ఆబోతు మిగలడం వల్లే. హైదరాబాద్‌లోనూ ఇలాంటి ఓపిక పని జరిగింది, నెహ్రూ జూపార్క్, అంతరించే జీవుల మీద పనిచేసే అత్తాపూర్‌లోని సీసీఎంబీ లాకోన్స్ ల్యాబ్ కలిసి మూషిక జింకల్ని కొద్దిపాటి సంఖ్యతో మొదలుపెట్టి పెంచి 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. అదే అడవి అంచున మేసే ఆవుకి ఆ శ్రద్ధలో కొంతైనా దక్కాలి కదా.

ఏం చేయాలనేది పెద్ద రహస్యమేం కాదు. మంచి పొడ తూర్పు కోడెని అమ్మకుండా ఆబోతుగా ఉంచుకున్న కాపరికి నెలనెలా మేపుడు ఖర్చు ఇవ్వాలి, రెండు మూడేళ్ళకోసారి ఒక మంద ఆబోతుని ఇంకో మందకి మార్చాలి, అప్పుడు చుట్టరికం పెరగదు. అడవిలో ఎక్కడ, ఏ నెలల్లో, ఎన్ని పశువులు మేయొచ్చో కాపరులతో కూర్చుని తేల్చుకోవాలి. గోపాలమిత్ర పెట్టెలో దేవని స్ట్రాలు జహీరాబాద్‌లో, పొడ తూర్పు స్ట్రాలు అచ్చంపేటలో ఉండేలా చూడాలి, గిర్ స్ట్రా దొరికింది కదా అని దేశీదే కదా అని వేసేయడం ఆపాలి, ఎందుకంటే జెర్సీ వల్ల పోయినా గిర్ వల్ల పోయినా ఆ ఊరి జాతి పోయినట్టే. నగరం చుట్టూ ఉన్న గోశాలలకి కూడా ఇందులో పనుంది, ఇప్పుడు చాలా చోట్ల అన్ని రకాలూ కలిపి ఒకే దొడ్డిలో ఉంటున్నాయి, కనీసం ఒక్కో గోశాల ఒక్కో స్థానిక జాతిని తీసుకుని, జతల రికార్డు పెట్టి పెంచితే దానం ఇచ్చేవాళ్ళ డబ్బు జాతికి కూడా ఉపయోగపడుతుంది. ఇక పాల సీసా మీద ఏ2 అని ఉందా లేదా అనే చర్చ, 2024 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ఆ లేబుళ్ళు తీసేయమని చెప్పి అదే నెలలో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్న దగ్గర్నుంచీ నడుస్తూనే ఉంది, దానికంటే ముందు ఆ ఆవు ఏ జాతి, ఆ జాతిది ఏ ఊరు, ఆ డెయిరీలో పుట్టిన కోడెదూడలు ఏమవుతున్నాయి అని అడగడం మొదలుపెడితే బాగుంటుంది. పొడ తూర్పు పాలు ఎలాగూ నగరానికి రావు, కానీ దాని పేడ రావచ్చు. మిద్దె తోటలకి, ఆర్గానిక్ కూరగాయలకి వర్మీకంపోస్ట్ బస్తాలు కొనే ఇళ్ళు హైదరాబాద్‌లో వేలల్లో ఉన్నాయి, ఆ బస్తా అమ్రాబాద్ మంద నుంచి వచ్చి ఆ డబ్బు కాపరికి నేరుగా చేరితే, కోడెని సంతకి తోలకుండా ఇంకో ఏడాది ఉంచుకోవడానికి అతనికి ఒక కారణం దొరుకుతుంది.